పడమటి సముద్రపు అల్లుడు

మా ఊళ్లో పెళ్లి మాటలకు కూర్చున్నప్పుడు అబ్బాయి చదువు గురించి ఆఖర్న అడుగుతారు. ఇల్లు, పడవ, తాగుడు, కాబోయే అత్తగారి నోరు, ఇవన్నీ మధ్యలో వస్తాయి. ఆడపిల్ల తరఫువాళ్లు మొట్టమొదట అడిగేది ఒక్కటే. "మీ వోడిది ఏ సముద్రం?"

బయటివాళ్లు వింటే నవ్వుతారు. ఒడిశా గంజాం తీరంలోని మా రామయ్యపట్నం ఎదుట ఉన్నది ఒకే సముద్రం కదా, మళ్లీ ఏదని అడగడమేమిటని. మా జాలర్లకు మాత్రం రెండున్నాయి. గుమ్మం ముందు ఘోష పెట్టేది తూర్పు సముద్రం. రైల్లో దేశాన్ని అడ్డంగా దాటితే వచ్చేది పడమటి సముద్రం. గంజాం మగవాళ్లు సూరత్ మగ్గాల మీదికి పోతారని అందరికీ తెలుసు. మా వాళ్లు అదే రైలెక్కి, ఇంకాస్త ముందుకు పోయి, గుజరాత్ రేవుల్లో బోట్లెక్కుతారు. వానలు వెనకబట్టాక వెళ్లి, జూన్‌లో అక్కడ వేట కట్టేసే వేళకు తిరిగొస్తారు. "పడమటి సముద్రం" అని జవాబొస్తే ఆడపిల్ల తల్లి ముఖం విప్పారుతుంది. "తూర్పు" అంటే టీ తాగి, ఎండల గురించి ఓ మాట మాట్లాడి లేచిపోతారు.

ఇదంతా జీతం కోసమనుకుంటే పొరపాటు. పడమటి సముద్రంలో తుఫాను పుట్టదని మా ఊరి నమ్మకం. తుఫానుకు పుట్టిల్లు మా బంగాళాఖాతమే. ఆ సముద్రం సాధువు, ఇది రాకాసి. వెళ్లొచ్చిన మగవాళ్లంతా అదే చెప్పారు. "అక్కడ కెరటాలు పడుకునే ఉంటాయి" అని ఒకడంటే, "బోటు మీద పెట్టిన టీ గ్లాసు కదల్దు" అని ఇంకొకడు. నిజానికి వాళ్లు వెళ్లేది ఆ సముద్రం శాంతంగా ఉండే నెలల్లోనే. అది రంకెలేసే వానాకాలంలో వేట ఉండదు, వీళ్లు ఇంటి దగ్గర వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. పెళ్లిచూపుల్లో చూసిన ముఖమే ఏడాది పొడుగునా ఉంటుందని నమ్మినట్టుంది మా నమ్మకం. ఇప్పుడు చెబుతున్నాను గానీ, అప్పుడు ఈ సంగతి నాకూ తట్టలేదు.

ఆ ప్రశ్నను మా ఊళ్లో అందరికంటే గట్టిగా పట్టుకున్నది మా అమ్మ. నేను బడికి పోయే రోజుల్లో నాన్న వేటకెళ్లి తుఫాను గాలికి చిక్కుకుని పోయాడు. ఆ సంగతి అమ్మ మాతో ఎన్నడూ మాట్లాడలేదు. మాట్లాడకపోయినా, చేయాల్సింది చేసింది. "నా ఇంటి ఆడపిల్లని ఈ సముద్రానికి ఇవ్వను" అని ఒట్టు పెట్టుకుని, నన్ను బరంపురంలో రైల్వే ఉద్యోగికి ఇచ్చి చేసింది. "పట్టాల మీద పోయేటోడు మునగడు" అనేది. ఆయన మునగలేదు, నిజమే. ఏ పని చెప్పినా తేలేవాడూ కాదు. అది వేరే కథ.

నేను బరంపురంలో ఇంటి ముందు గదిలో జాకెట్లు కుడతాను. పట్టుచీరల ఊరు కాబట్టి పనికి కొదవ లేదు. చేపల వాసన వదిలించుకుని, ఒడియాలో బేరాలాడడం నేర్చుకుని, కూతుర్ని కాలేజీకి పంపి, హమ్మయ్య అనుకుంటున్న సమయంలో మా పిల్ల సెలవులకు అమ్మమ్మ ఊరు వెళ్లి అక్కడి కుర్రాడొకణ్ణి ఇష్టపడి కూర్చుంది. వాళ్ల నాన్నతో కలిసి ఫైబర్ పడవ మీద పొద్దున్నే వేటకెళ్లే కుర్రాడు. పక్కా తూర్పు సముద్రం.

నాకు ఒళ్లు మండిపోయింది. నేనేమో ఆ ఇసకలోంచి కాళ్లు పీక్కుని బయటపడితే, ఇది నడుచుకుంటూ పోయి అందులోనే దిగబడుతోంది. నా చేత కాకపోయినా అమ్మ ఈ సంబంధాన్ని తన్ని తరిమేస్తుందని ధైర్యం. పిల్లను వెంటపెట్టుకుని బస్సెక్కి వెళ్లాను. అమ్మ కుర్రాణ్ణి పిలిపించింది. తల నుంచి కాళ్ల దాకా చూసింది. అతను నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. మంచి ఒడ్డూ పొడుగూ, నోట్లో నాలుక లేనివాడు.

"పిల్లనిత్తాను. ఒకటే మాట. ఈ సముద్రం ఒదిలీసి పడమటికి ఎల్తావా?" అంది అమ్మ.

"మా అయ్యకి పడవ మీద తోడెవులు, అమ్మమ్మా?"

"నీ అయ్య ముసలోడు, గట్టున కూకుని వల కుట్టుకుంతాడు. నాకు నీ పానం కావాల. దాని మెడలో తాడు నిలబడాల. ఎల్తానంటే సెప్పు, నేదంటే లెగిసి ఎల్లిపో."

అతను మా పిల్ల వైపు చూసి, "ఎల్తాను" అన్నాడు. తన్ని తరమడం మాట దేవుడెరుగు, మా అమ్మ అక్కడికక్కడే అల్లుణ్ణి ఖాయం చేసేసింది. పెళ్లి జరిగింది. ఆ వానలు తగ్గగానే అతను రైలెక్కాడు. వాళ్ల నాన్న పడవను ఒడ్డు మీదికి లాగి బోర్లించి, దాని నీడలో కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఫోన్‌లో అల్లుడు అక్కడి సంగతులు చెబుతుండేవాడు. "అత్తా, ఇక్కడోలికి తుఫానంటే తెల్దు. మనం సినిమా కత అడిగినట్టు అడుగుతారు. నాను మబ్బు సూసి బెదిరితే బోటు సేట్ నవ్వుతాడు." నేనూ నవ్వేదాన్ని. మా అమ్మ అయితే పక్కింటివాళ్లకు వినబడేట్టు చెప్పించుకునేది. రెండో ఏడాదికి మా పిల్ల నెల తప్పింది. ఊళ్లోనే, అమ్మమ్మ దగ్గర ఉంటానంది. అత్తవారిల్లు పక్క వీధే కాబట్టి నేనూ సరేనన్నాను. కాన్పు నాటికి మగడు ఇంట్లో ఉంటాడు, జూన్ వచ్చేస్తుంది కదా అని అందరం ఆ నెల కోసమే చూస్తున్నాం.

మే నెలాఖర్లో ఓ ఆదివారం నేను ఊరెళ్లాను. పిల్లకు వదులుగా రెండు జాకెట్లు కుట్టి తీసుకెళ్లాను. ఎండ ఎలా ఉందంటే ఇసక మీద చెప్పు పెడితే చెప్పే కాలేట్టుంది. తూర్పు తీరమంతా వేట నిషేధం. మోటారు పడవలన్నీ ఒడ్డు మీద వరసగా ఉన్నాయి. మగవాళ్లు తాటాకు పందిట్లో వలలు కుట్టుకుంటున్నారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. మా రాకాసి సముద్రం తిన్న కంచంలా చప్పుడు లేకుండా పడి ఉంది. ఇంత నెమ్మదిగా నేను దాన్ని ఎన్నడూ చూడలేదు.

అన్నం తిని చెయ్యి కడుక్కుంటున్నాను. లోపల టీవీ మోగుతోంది. "తుఫాను" అన్న మాట వినబడింది.

మా ఊళ్లో ఆ మాటకు ఒక పద్ధతుంది. ఎవరేం చేస్తున్నా ఆపేసి ముందు సముద్రం వైపు చూస్తారు, తర్వాత ఆకాశం, ఆ తర్వాత టీవీ. నేను గుమ్మంలోకి వచ్చి చూశాను. సముద్రం కదలడం లేదు. ఆకాశం తెల్లగా మండుతోంది. అప్పుడు టీవీ చూశాను. దేశం బొమ్మ మీద తెల్లటి సుడి తిరుగుతోంది. అది ఉండాల్సిన చోట లేదు. కుడి వైపున, ఒడిశా పక్కన, ఎప్పుడూ తిరిగే చోట నీలంగా ఖాళీగా ఉంది. సుడి ఎడమ వైపున గుజరాత్ కింద కూర్చుంది.

అమ్మ టీవీ దగ్గరికంటా వెళ్లి వేలు పెట్టి చూపించింది. "బొమ్మ తిరగేసి పెట్టీసినారు. సూడు. మనూరు ఇటుంతాది కదా. తుఫాను అటెట్టినారు. ఏటి సదువుకున్నారో ఈలు!"

నన్ను తిట్టండి, కొట్టండి, ఒక్క క్షణం నేనూ అదే అనుకున్నాను. జాకెట్టు ముక్క తిరగేసి కుట్టినప్పుడు కుడి చెయ్యి ఎడమకు వస్తుంది, ఇదీ అంతేనేమో అనుకున్నాను. తుఫాను అటు పుట్టిందనే మాట కంటే టీవీవాళ్లు దేశం బొమ్మను తిరగేశారన్న మాటే నాకు నమ్మబుద్ధి అయింది. అంతలో వెనక చప్పుడైతే తిరిగి చూశాను. మా పిల్ల గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. చేతిలో ఫోనుంది. "కలవడం లేదమ్మా" అంది.

అతను ఆఖరి వేటకు వెళ్లాడు. నిషేధం మొదలయ్యే లోపు ఒక్క వేట చేసుకుని, రేవుకు రాగానే రైలెక్కేస్తానని వెళ్లే ముందు ఫోన్ చేశాడట. బోటు లోపలికి వెళ్లిపోతే ఫోన్లు కలవవు, అది మామూలే. ఇన్నాళ్లూ కలవకపోతే ఎవరూ కంగారు పడలేదు. సాధువు దగ్గరే కదా ఉన్నాడు!

మా వైపు తుఫానంటే నాకు ఓ క్రమం తెలుసు. అండమాన్ దగ్గర ఎక్కడో అల్పపీడనమంటారు. ఇంకా దూరంగా ఉందంటారు. గాలి దిక్కు మారుతుంది, సముద్రం రంగు మారుతుంది, ముసలాళ్లు వాసన చూస్తారు, పోలీసులు మైకులో అరుస్తారు. మనిషికి భయపడడానికి కొంత వ్యవధి ఉంటుంది. ఇక్కడ అదేమీ లేదు. పెరట్లో ఎండు చేపలు ఎండుతున్నాయి, కాకి వాటి చుట్టూ తిరుగుతోంది, మా ఇంట్లో తుఫాను వచ్చేసింది. ఏ కిటికీ మూయాలో తెలియని తుఫాను.

నేను అల్లుడి నంబరు కొడుతూనే ఉన్నాను. ఒడియాలో ఒకసారి, హిందీలో ఒకసారి అందుబాటులో లేరని ఆడగొంతు చెబుతోంది. ఆ గొంతును పట్టుకుని నాలుగు పీకాలనిపించింది. ఈలోగా అమ్మ ఏం చేస్తోందో నేను చూడలేదు. చూసేసరికి రేకుల షెడ్డు మీదికి తాడు విసురుతోంది. తాడు రెండు కొసలకూ రాళ్లు కట్టింది. పెరట్లో చేపలన్నీ ఎత్తి లోపల పడేసింది. అటుకులు, బెల్లం, అగ్గిపెట్టె, టార్చిలైటు మూట కట్టింది. రేషన్ కార్డు, ఆధార్ కార్డులు ప్లాస్టిక్ సంచిలో చుట్టి జాకెట్లో దోపుకుంది. వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుని లేవదీసింది.

"ఎక్కడికే?" అన్నాను.

"షెల్టరుకి."

"అమ్మా, తుఫాను ఇక్కడ కాదే! అక్కడ! ఇక్కడ ఎండ కాస్తోంది, కనబడటం లేదా?"

"కనపడతంది. నడువు."

మా ఊరి తుఫాను షెల్టరు బడి పక్కన, స్తంభాల మీద ఎత్తుగా ఉంటుంది. మూడో జాము ఎండలో, ఒక చేత్తో మూట, రెండో చేత్తో నిండు కడుపుతో ఉన్న మనవరాలు, ముసలిది వీధి వెంట నడుస్తుంటే తాటాకు పందిట్లోని మగవాళ్లు వలలు ఆపి చూశారు. ఎవడో నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వెనకే పరిగెత్తాను. షెల్టరు కాపలావాడు ఒడియా మనిషి, గేటు మెట్టు మీద కునుకు తీస్తున్నాడు. అమ్మను చూసి కళ్లు నులుముకున్నాడు.

"మావుసీ, బాత్యా ఎక్కడ? నాకు ఆర్డర్ రాలేదు" అన్నాడు తనకు వచ్చిన తెలుగులో. వాళ్లు పిన్నిని మావుసీ అని, తుఫానును బాత్యా అని అంటారు.

"తాళం తియ్యి బావూ."

"ఎండ కాస్తోంది కదా మావుసీ!"

నేను అమ్మ భుజం పట్టి ఊపేశాను. "పిచ్చి పట్టిందా నీకు? నలుగురూ నవ్వుతున్నారు. నువ్విక్కడ దాక్కుంటే అతనికి ఏం ఒరుగుతుంది? కడుపుతో ఉన్నదాన్ని ఎండలో ఈడ్చుకొస్తావా?" ఇంకా ఏమేమో అన్నాను. నా భయం నోటి నుంచి అలా తిట్లయి వస్తోంది. నాది పుట్టుకతో వచ్చిన గుణం, భయం వేస్తే ఎవరినో ఒకర్ని కేకలేయాలి.

అమ్మ మూట మెట్టు మీద పెట్టి నావైపు తిరిగింది. "తుఫానంటే ఏటి సెయ్యాలో నాకిదొక్కటే తెల్సు. సిన్నప్పట్నుంచి ఇదే సేసినాను. ఇంకేటైనా సెయ్యాలంటే నువ్వు సెప్పు. సేత్తాను."

పిల్లను మెట్ల కింద నీడలో కూర్చోబెట్టి నేనూ కూలబడ్డాను. కాపలావాడు కాసేపు తల గోక్కుని, చివరకు తాళం తీశాడు.

కొంతసేపటికి వీధి చివరి ఇంటి ఆవిడ వచ్చింది. ఆమె భర్త మా అల్లుడు వెళ్లిన రేవులోనే ఇంకో బోటు మీద ఉన్నాడు. చంకలో మూట. వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. తర్వాత అత్తాకోడళ్లు ఇద్దరు. తర్వాత చంటిపిల్లతో ఒకామె. సాయంకాలానికి షెల్టరు వరండా నిండిపోయింది. అందరూ పడమటి సముద్రపు పెళ్లాలూ తల్లులే. చుట్టూ చూస్తే ఆ ప్రశ్న అడిగి చేసిన పెళ్లిళ్లన్నీ అక్కడ వరసగా కూర్చున్నట్టుంది. పందిట్లో నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. ఎదురుగా సముద్రం నెమ్మదిగా, బుద్ధిగా ఉంది. దాన్ని చూస్తే కోపమొచ్చింది నాకు. జీవితంలో మొదటిసారి నా సముద్రం ఏ తప్పూ చేయకుండా కూర్చుంది.

మా పిల్ల ఫోన్‌లో వాతావరణం అధికారి ఎవరో మాట్లాడుతున్నది పెట్టి, గొంతు పెంచింది. అందరం దగ్గరగా జరిగాం. అరేబియా సముద్రం పై నీళ్లు మునుపటి కంటే వేడెక్కాయట. ఒకప్పుడు ఆ వైపు పుట్టినా నీరసపడిపోయే గాలులు ఇప్పుడు బలం పుంజుకుంటున్నాయట. తుఫానులు పుట్టే చోట్లు మెల్లగా మారుతున్నాయట. ఇది ఈ ఏడాది సంగతి కాదు, కొన్నేళ్లుగా గమనిస్తున్నదేనని తాపీగా చెప్పాడాయన.

కొన్నేళ్లుగా! నా చెవుల్ని నేను నమ్మలేకపోయాను. ఆ కొన్నేళ్లలోనే కదా మా ఊళ్లో టీ గ్లాసులు చేతిలో పట్టుకుని "ఏ సముద్రం" అని అడిగింది. ఆ కొన్నేళ్లలోనే కదా మా అల్లుడు "ఎల్తాను" అన్నది. సముద్రం కింద మంట పెట్టినట్టు కాగుతూ ఉంటే, మేము దాన్ని చూసి పిల్లల్నిచ్చి పెళ్లిళ్లు చేశాం.

అప్పుడు ఆ వీధి చివరావిడ గొంతు సవరించుకుంది. ఆమె అన్న మాటకు నాకు కలిగిన దిగ్భ్రమ టీవీలో సుడిని చూసినప్పుడు కూడా కలగలేదు.

"మా ఆయన కిందటేడూ సెప్పినాడు. అటు గాలి లెగిసిందట. బోట్లన్నీ పరుగున రేవుకొచ్చీసినాయట. అంతకు ముందేడు కూడా ఒకటొచ్చిందట." తల దించుకుంది. "ఊల్లో ఎవులికీ సెప్పకు అన్నాడు. మా మరిదికి సమ్మందాలు సూత్తన్నాం. సెప్తే పిల్లనెవులిత్తారు?"

చంటిపిల్లతో వచ్చినామె, "మావోడూ సెప్పినాడు" అంది మెల్లగా. ఆ వెనక ఇంకో గొంతు. ఆ మగవాళ్లందరికీ తెలుసు. పడమటి సముద్రానికి ఉన్న మంచి పేరు పోతే తమ్ముళ్లకూ కొడుకులకూ పెళ్లిళ్లు కావు. అందుకని రైలు దిగి వచ్చి, కెరటాలు పడుకునే ఉన్నాయని చెప్పారు. అబద్ధమాడిన వాళ్లెవరూ దుర్మార్గులు కారు. ఇంట్లో పెళ్లికెదిగిన కుర్రాడున్నవాళ్లు, అంతే.

నేను పిల్ల ముఖం చూశాను. అది నా కళ్లల్లోకి చూడలేదు. "నీకూ చెప్పాడా?" అన్నాను. తలూపింది. "అమ్మమ్మకి తెలిస్తే ఏమవుతుందోనని..." అని ఆగిపోయింది. అమ్మకు వినబడిందో లేదో తెలియదు. ఆమె సముద్రం వైపు చూస్తూ కూర్చుంది.

మేము షెల్టరులోనే ఉండిపోయాం. ఎవరూ ఉండమనలేదు, వెళ్లిపొమ్మనీ అనలేదు. కాపలావాడు పెద్ద గిన్నె తెచ్చిచ్చాడు. ఒకరు బియ్యం, ఒకరు పప్పు తెచ్చి పోసి, వానాగాలీ లేని తుఫానులో కిచిడీ వండుకున్నాం. నేను దేవుళ్లందరికీ మొక్కాను. ఎప్పుడూ నేను తలవని గుజరాత్ దేవుళ్లకు కూడా, పేర్లు తెలియకపోయినా, దండం పెట్టాను. మర్నాడు తుఫాను తీరం దాటిందని వార్తల్లో చెప్పారు. కొన్ని బోట్లు చేరాయన్నారు, కొన్ని చేరలేదన్నారు. ఆవేళ కొందరికి ఫోన్లొచ్చాయి. వచ్చినవాళ్లు ఏడుస్తూ మూట సర్దుకున్నారు గానీ, రానివాళ్ల ముందు లేచి వెళ్లడానికి సిగ్గుపడి మళ్లీ కూర్చున్నారు.

ఇంకో రెండు రోజులకు పొద్దున్నే, మా పిల్ల బలవంతాన నాలుగు అటుకులు నోట్లో వేసుకుంటుంటే ఫోను మోగింది. తెలియని నంబరు. ఫోను కింద పడేసింది. అమ్మ తీసింది. నేను పక్కనుంచి గొంతు పెద్దగా వినబడే మీట నొక్కాను.

"అమ్మమ్మా, నానే."

అల్లుడి గొంతు బొంగురుపోయి ఉంది, అయినా అతనిదే. మా పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది. బతికి ఉన్నాడు, బతికి ఉన్నాడు అని లోపల ఒకటే మాట తిరుగుతోంది. లంగరు తాడు తెగిందట. ఇంజను చచ్చిపోయిందట. గాలి వాళ్లను ఈడ్చుకుపోయి ఏదో బురద కాలువ మొగలో పడేసిందట.

"అందరూ ఉన్నారా బావూ?" అంది అమ్మ.

"ఒకడు పోనాడు అమ్మమ్మా. మన గోపాల్‌పూర్ వోడు. నా పక్కనే ఉన్నాడు, కెరటం లాగీసింది. నిన్న ఏదో ఊరి కాడ ఒడ్డుకి తగిలినాడట. ఆలకి ఆడెవులో తెల్దు. మన మాట తెల్దు. ఎవులూ రానేదనీసి అక్కడే పూడ్సీసినారు. మేం తెలుసుకుని ఎల్లేసరికి అయిపోయింది."

వరండాలో ఎవరో గట్టిగా ఏడ్చారు. అమ్మ ఏడవలేదు. ఫోను రెండు చేతులా పట్టుకుంది. కళ్లు సముద్రం మీదే ఉన్నాయి.

"బావూ, ఇను. మీ తాతని సముద్రం తీసుకుని చమఖండి కాడ ఒడ్డుకేసింది. మొకం పోయింది. అయినా ఆ ఊరోలు 'ఈ మడిసి మనోడే, రామయ్యపట్నమోడే' అనీసి ఆనవాలు పట్టి, పడవలో ఎట్టుకొచ్చి నాకప్పజెప్పినారు. నాను సూసుకున్నాను. కడిగినాను."

ఈ మాట నేను నా జన్మలో వినలేదు. నాన్న మళ్లీ ఇంటికి వచ్చాడని, ఆమె కడిగిందని నాకు తెలియదు. నన్ను ఆవేళ ఎవరింట్లోనో ఉంచారు.

"నువ్వొచ్చీ" అంది అమ్మ. "రేవులో కూలి ఒదిలీసి వచ్చీ. మీ అయ్య పడవ తిరగేసుకో. ఇక్కడే ఏటాడుకో. నిన్ను అటు తోలీసినాను, నాకు తెల్దు. బతికితే మా కళ్ల ముందు బతుకు. సచ్చిపోతే ఇక్కడే సచ్చిపో. ఒడ్డుకొత్తే మనోలు గుర్తు పడతారు."

నిండు గర్భిణి ఎదుట, మొగుడు బతికాడన్న కబురు వచ్చిన గడియలో, ఎవరైనా అనే మాటేనా అది? ఫోను లాక్కోబోయాను. నాకంటే ముందు మా పిల్ల చెయ్యి చాచి అమ్మమ్మ చేతిలోంచి ఫోను తీసుకుంది. కన్నీళ్లు తుడుచుకోలేదు. గొంతు మాత్రం తొణకలేదు.

"అమ్మమ్మ చెప్పింది విన్నావు కదా. వచ్చెయ్" అంది.